కిలో రోమియోకి వీడ్కోలు

భార్యను విమానం ఎక్కించి, ఆ విమానాన్నే ఫోటో తీయడానికి కలీం బండి మీద రొయ్యల గుంటల కట్టకు దూసుకొచ్చాడు. అప్పటికే మిగతా ఇద్దరూ కెమెరాలు బిగించుకుని ఉన్నారు.

"సాహిరక్కను ఎక్కించేసినావా అన్నా?" అని దుర్గ అడిగింది.

"లోపలికి పంపించినా. గేటు కాడ తిట్లు కూడా తిన్నా."

"ఏమనింది?"

"'లోకంలో మొగుళ్ళు పెళ్ళాం పక్కన కూర్చుంటారు. నన్ను పైకి తోలి, కింద నిలబడి ఫోటో తీస్తాననే మొగుణ్ణి నిన్నే చూస్తా ఉండా' అనింది."

దుర్గ పగలబడి నవ్వింది. డాక్టర్ విజయభాస్కర్ కెమెరా మీంచి కన్ను తీయకుండానే, "ఆమె అన్నదాంట్లో తప్పేముందయ్యా?" అన్నాడు.

కలీంకి గూడూరులో కార్లకు సీటు కవర్లు కుట్టే షాపు ఉంది. దుర్గ తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. విజయభాస్కర్ నెల్లూరులో పళ్ళ డాక్టరు. ఈ ముగ్గురినీ కలిపింది విమానాల పిచ్చి. చిట్టమూరు దాటాక పులికాట్ సరస్సు అంచున చిన్న ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి, సెలవు దొరికితే చాలు, ముగ్గురూ గోడ బయట ఈ కట్ట మీద వాలిపోతారు. వచ్చేదాన్నీ పోయేదాన్నీ ఫోటో తీస్తారు. తోక మీది అక్షరాలు చూసి, ఆ విమానం ఎన్నేళ్ళదో, అంతకుముందు ఏ దేశంలో తిరిగిందో కథలాగా చెప్పుకుంటారు. గుంటల్లో పనికి పోయేవాళ్ళు వీళ్ళను చూసి నవ్వుకుంటూ పోతారు.

కిలో రోమియో అంటే ముగ్గురికీ ప్రాణం. రెండు ఫ్యాన్ల పాత విమానం అది. తోక మీది చివరి రెండు అక్షరాలు కె, ఆర్. పైలట్ల భాషలో అవి కిలో, రోమియో. ఎయిర్‌పోర్టు తెరిచిన రోజున మొట్టమొదట దిగింది అదే. ఇవాళ హైదరాబాదుకు దాని ఆఖరి ట్రిప్పు. ఆ తర్వాత విప్పి పార్టులుగా అమ్మేస్తారు. ఆ ట్రిప్పులో కలీంకి ఒక్క సీటే దొరికింది. ఎన్నడూ విమానం ఎక్కని సాహిరాను ఎక్కమన్నాడు. హైదరాబాదులో ఆమె చెల్లెలు నజ్మా ఉంది. రెండు రోజులు ఉండి రైల్లో వచ్చేయొచ్చు. ఆమె కూర్చున్న విమానాన్ని తను జీవితంలో తీయబోయే అన్నింటికంటే గొప్ప ఫోటోలో బంధించి, ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టాలని కలీం ఆశ.

ఆ ఫోటో ఎలా ఉండాలో ముగ్గురూ కలిసే ఆలోచించారు. కింద సరస్సులోంచి ఫ్లెమింగోల గుంపు గులాబీ రంగు దుప్పటి విదిలించినట్టు లేవాలి. దాని మీదుగా కిలో రోమియో పోవాలి.

"కెప్టెన్ నా పేషెంటే" అని విజయభాస్కర్ ముందే చెప్పాడు. "పన్ను పీకేటప్పుడు మాట తీసుకున్నా. పడమటికి లేచి, చుట్టు తిరిగి, సరస్సు మీద ఒక్క రౌండు కొట్టి పోతాడు. బాగా ఎత్తులో ఉంటాడు కాబట్టి పక్షులతో పేచీ లేదు. మన లెన్సులో మాత్రం రెండూ పక్కపక్కనే ఉన్నట్టు వస్తాయి."

పక్షులను లేపే మనిషిని కలీం మాట్లాడాడు. పోలేరయ్య సరస్సులో చేపలు పట్టే మనిషి. వేట లేని రోజుల్లో గుంటలకు కాపలా ఉంటాడు. నీటికాకులు గుంటల మీద పడకుండా టపాసులు కాల్చి తరమడం అతని పని. పడవ వేసుకుని గుంపుకి అవతలి వైపు, తూర్పున, నిలబడమన్నారు. విమానం సౌండు దగ్గరికి రాగానే టపాసులు కాల్చాలి.

"ఫారెస్టోళ్ళు చూస్తే నా తోలు తీస్తారబ్బయా" అని పోలేరయ్య ముందు గునిశాడు.

"మా సాహిరా ఉంటాది పోలేరన్నా ఆ విమానంలో. ఒక్కసారికి చెయ్యి" అన్నాడు కలీం.

ఆ మాటకు పోలేరయ్య మెత్తబడ్డాడు. కూతురి పెళ్ళికి సాహిరా వచ్చి రెండు రోజులు వంటలు చూసింది. ఆ సంగతి అతను మర్చిపోలేదు.

అంతా అనుకున్నట్టే ఉంది. విమానమే కదలలేదు.

వీడ్కోలు సభ పెట్టారు. లోపల షామియానా కింద ఎవరో పెద్దమనిషి ప్రసంగిస్తున్నాడు. మైకులో మాటలు గోడ దాటి ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. పొద్దు పైకెక్కింది. గుంటల నీళ్ళ మెరుపు కళ్ళలో పొడుస్తోంది.

"పాత విమానానికి ఇంత ఉపన్యాసమా? అది వినలేకనే రిటైరవతా ఉన్నట్టుంది" అంది దుర్గ.

చివరికి ప్రసంగం ముగిసింది. రెండు ఫైరింజన్లు ఎదురెదురుగా నిలబడి నీళ్ళ కమాను కట్టాయి. దాని కిందుగా కిలో రోమియో తడుస్తూ వచ్చింది. ముగ్గురి కెమెరాలూ టకటకలాడాయి. కిటికీల్లో ఎక్కడో సాహిరా చెయ్యి ఊపుతూ ఉంటుందని కలీం లెన్సుతో వెతికాడు. నీళ్ళ తుంపర్లలో మొహాలేవీ తెలియలేదు.

విమానం ఇప్పుడు తమ వైపు తిరగాలి. రన్‌వే తూర్పు కొస వాళ్ళ ముందే ఉంది. పొద్దున వేళ గాలి పడమటి నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి, ఈ కొసన మొదలుపెట్టి, సరస్సుకు వీపు తిప్పి పడమటికి లేచిపోతుంది. పొద్దుటి ట్రిప్పులన్నీ ఇలాగే పోవడం ముగ్గురూ చూశారు.

కానీ కిలో రోమియో అవతలి కొస వైపు తిరిగింది.

కలీం కెమెరా దించాడు. అప్పుడు తెలిసింది మొహానికి చల్లగా తగులుతున్నది ఏమిటో. సరస్సు మీంచి, సముద్రం మీంచి వస్తున్న గాలి. ఉపన్యాసాలు సాగుతుండగా గాలి మారిపోయింది. గోడ అవతల స్తంభానికి కట్టిన గాలి సంచి నిండుగా పొంగి, పడమటికి చూస్తూ ఊగుతోంది.

"డాక్టరు గారూ, అది పడమటి కొసకు పోతా ఉంది."

"పోనీలే. మన మీదుగానే లేస్తుంది. ఇంకా దగ్గరగా వస్తుంది ఫోటో."

"దగ్గరగా కాదు సార్, కిందుగా! లేస్తానే పక్షుల మీదకు వస్తాది!"

"పైలట్లకు కళ్ళు లేవా? ఈ పక్షులు ఏటా ఉండేవే. అవి నీళ్ళలో నిలబడి ఉంటే విమానానికి ఏమయిందయ్యా ఇన్నాళ్ళు?"

"నిలబడి ఉంటే ఏమీ కాదు. సౌండు రాగానే లేపమని పోలేరన్నకు మనమే గదా చెప్పినాం!"

విజయభాస్కర్ కెమెరా మీంచి కన్ను తీసి పడవ వైపు చూశాడు. దుర్గ మొహంలో నవ్వు ఆరిపోయింది.

కలీం అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. పోలేరయ్య నంబరు స్విచాఫ్. పడవ ఎక్కితే ఫోను ఆపేసి, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టి బల్ల కింద దాస్తాడు. దుర్గ ఎయిర్‌పోర్టు నంబరుకు చేసింది. మోగుతూనే ఉంది. సభలో ఉన్నట్టున్నారు, ఎవరూ ఎత్తలేదు.

"పోలేరన్నో!" అని కలీం గొంతు చించుకున్నాడు. ఎదురుగాలి ఆ కేకను తెచ్చి అతని మొహానే కొట్టింది. గుంపుకి అవతల పడవ అగ్గిపుల్లంత కనబడుతోంది. అందులో పోలేరయ్య కదలకుండా కూర్చుని ఉన్నాడు.

కలీం బుర్ర చురుగ్గా పనిచేసింది. పడవ దగ్గరికి పోవాలంటే పక్షుల మధ్యలోంచి పోవాలి. పోతే అవి లేస్తాయి. లేవనీ. ఇప్పుడే లేవాలి. విమానం ఇంకా నేల మీద ఉండగానే లేస్తే, గాల్లో పక్షులు చూసి టవర్ వాళ్ళు విమానాన్ని ఆపేస్తారు. కొంగలు అడ్డమొచ్చాయని విమానాలు ఆగడం అతను చాలాసార్లు చూశాడు.

"దుర్గా, నువ్వు ఫోను చేస్తానే ఉండు. డాక్టరు గారూ, గేటు కాడికి పొండి!" అని అరిచి కలీం సరస్సులోకి దూకాడు.

మోకాలి లోతు నీళ్ళు. కింద బురద కాలు పట్టుకుంటే వదలడం లేదు. ఒక చెప్పు అందులోనే ఊడిపోయింది. రెండోది తనే విసిరేశాడు. ఫ్లెమింగోలు తలలెత్తి చూశాయి. లేవలేదు. ఊరేగింపులో జనం జరిగినట్టు, పొడుగు కాళ్ళ మీద నింపాదిగా పక్కకు జరిగాయి.

"లెయ్యండే! లెయ్యండి!"

చొక్కా విప్పాడు. తల మీద గిరగిరా తిప్పుతూ, అరుస్తూ, పడుతూ లేస్తూ పరుగెత్తాడు. ఒక పక్షి రెక్క విప్పింది. దాని వెనక నీళ్ళన్నీ కదిలాయి. ఒక్కసారిగా వందలాది రెక్కల కింద ఎరుపూ నలుపూ బయటపడి, సరస్సు సగం ఊడి పైకి లేచినట్టయింది.

కలీం వెనక్కి తిరిగి చూశాడు. పడమటి కొసన కిలో రోమియో తమ వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. విమానం కదలడం లేదు.

ఆగింది! ఆపారు!

పక్షులు గాలికి ఎదురు లేచి, దక్షిణానికి మళ్ళి, తడ వైపు కొంతదూరం పోయి మళ్ళీ నీళ్ళలో వాలాయి. తూర్పు ఆకాశం ఖాళీ అయింది. కలీం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. ఇంటికి వచ్చాక సాహిరాకు ఈ కథ ఎలా చెప్పాలా అని కూడా అప్పుడే ఆలోచించాడు. తిడుతుంది, ఆ తర్వాత నవ్వుతుంది.

కాసేపటికి విమానం సౌండు మారింది. దారి ఖాళీ అయిందని టవర్ పొమ్మంది. కిలో రోమియో కదిలింది.

పోతే పోనీ. ఇప్పుడు అడ్డమేదీ లేదు. కలీం చెయ్యెత్తి ఊపబోతూ, అలవాటుగా పడవ ఉన్న చోటుకు చూశాడు. పడవ లేదు.

దక్షిణంగా, పక్షులు పోయిన వైపు, పోలేరయ్య నిలబడి గడకర్రతో పడవను విసురుగా తోసుకుపోతున్నాడు.

కలీంకి కాళ్ళ కింద బురద కూడా లేనట్టయింది. గుంటల కాపలాదారులకు ఒక పద్ధతి ఉంది. ఒక గట్టు మీద ఉన్నవాడి గొంతు ఇంకో గట్టుకు వినపడదు. అందుకని గుడ్డ ఊపుతారు. గుడ్డ తిప్పితే పక్షులు పక్క గుంటల మీదకు జారిపోతున్నాయి, అడ్డం పోయి నా వైపు మళ్ళించు అని. ఈ సంగతి పోలేరయ్యే ఒకప్పుడు టీ తాగుతూ అతనికి చెప్పాడు. ఇంతసేపూ కలీం చొక్కా తిప్పుతూనే ఉన్నాడు.

"వద్దన్నో! వద్దు!"

గుంపుకి అవతలికి చేరిన పడవలో చిన్న మెరుపు కనబడింది. ఆ తర్వాత టపాసు పేలిన చప్పుడు. ఇంకొకటి. ఇంకొకటి. ఏళ్ళ తరబడి చేసిన పనే కాబట్టి పోలేరయ్య చేతికి తప్పిపోవడం తెలియదు. గుంపు మొత్తం లేచి, ఒక్క మడత పడి వెనక్కి తిరిగింది. గాలి తోడయింది. కలీం నెత్తి మీదుగా హోరుమని, కట్ట మీదుగా, ఎయిర్‌పోర్టు గోడ మీదుగా పోయింది.

కిలో రోమియో అప్పుడే నేల వదిలింది.

చప్పుడు పెద్దగా రాలేదు. తడి బట్టలు బండకేసి బాదినట్టు వరసగా దెబ్బలు. ఎడమ ఫ్యాను దగ్గర నిప్పు, దాని వెనక నల్లటి పొగ. కుడి వైపు సౌండు కీచుమని పెరిగి, గొంతు పట్టినట్టు పడిపోయింది. విమానం కలీం మీదుగా ఎంత కిందుగా పోయిందంటే, దాని పొట్ట మీద ఇంకా ఆరని నీటి చారలు కనబడ్డాయి. ఎదురుగా, సరస్సులోని దిబ్బ మీద, మత్స్యకారుల పాలెం ఉంది. కెప్టెన్ దాన్ని తప్పించి ఎడమకు ఒరిగించాడు. తోక నీళ్ళకు తగిలింది. గోడ లేచినట్టు నీళ్ళు లేచాయి. అవి పడ్డాక, విమానం రెండు ముక్కలై సరస్సులో కూర్చుని ఉంది.

పక్షుల ఈకలు చాలాసేపు రాలుతూనే ఉన్నాయి.

కలీం నడిచాడో, ఈదాడో, పాకాడో తెలియదు. నడుము లోతు వచ్చింది. కిరసనాయిలు లాంటి వాసన ముక్కులు పగలగొడుతోంది. పాలెం నుంచి పడవలన్నీ బయల్దేరాయి. ఆడవాళ్ళు కూడా చీరలు ఎగదోపి నీళ్ళలోకి దిగారు. వెనక ఎక్కడో విజయభాస్కర్ బురదలో పడి లేస్తూ వస్తున్నాడు. కెమెరా లేదు. ఎవరినో ఒక పడవలో పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ తెచ్చి పడవల్లో వేస్తున్నారు. కొందరు మూలుగుతున్నారు. కొందరి మీద తువ్వాళ్ళు కప్పుతున్నారు.

కలీం ఒక్కో పడవా పట్టుకుని చూశాడు. ఒకచోట తువ్వాలు తీసి చూశాడు. ముసలాయన. కప్పేశాడు. ఇంకోచోట తీయడానికి చేతులు రాలేదు. పడవ తోసే మనిషి అర్థం చేసుకుని, "ఆడమనిషి కాదులేన్నా" అన్నాడు.

"సాహిరా! సాహిరా!"

"ఈడుండా."

పోలేరయ్య పడవ. విమానం పడిన చోటుకు మొదట చేరింది అదే. అందులో చెయ్యి విరిగిన ఒకాయన పడుకుని పళ్ళు కొరుకుతున్నాడు. స్పృహ లేని కెప్టెన్ ఉన్నాడు. కొసన సాహిరా కూర్చుని ఉంది. నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. ఆమె ఒళ్ళో ఎయిర్ హోస్టెస్ తల ఉంది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కదలడం లేదు.

కలీం పడవ అంచు పట్టుకుని, సాహిరా కాలు పట్టుకుని, వెర్రివాడిలా "అల్లా, అల్లా" అన్నాడు. బతికింది. అతని సాహిరా బతికింది.

"ఈ పిల్ల నా బెల్టు విప్పిందయ్యా" అంది సాహిరా. ఆమె గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. "నీళ్ళు లోపలికి వస్తా ఉంటే, నా బెల్టు రాలేదు. అందరినీ వదిలి నా కాడికొచ్చి విప్పింది. అప్పుడు పైనించి ఏదో పడింది దీని మీద. దీని పేరు కూడా అడగలేదు నేను."

"నువ్వుండావు. నువ్వుండావు గదా..."

"పక్షులన్నీ ఆ పక్కకు ఎగిరిపోయినాయి. కిటికీలోంచి నేనే చూసినా. నీకు చూపిద్దామని ఫోను కూడా తీసినా. మళ్ళా ఎందుకొచ్చినాయయ్యా? ఎవరు బెదరగొట్టినారు వాటిని?"

గడకర్ర పట్టుకున్న పోలేరయ్య అంతవరకూ కలీం వైపు చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"నువ్వు చొక్కా తిప్పితివి గదా అబ్బయా" అన్నాడు, ఏడుస్తున్న పిల్లాడిలా. "మళ్ళించమనే గదా తిప్పితివి?"

సాహిరా మొగుణ్ణి చూసింది. ఒంటి మీద చొక్కా లేదు. అది ఇంకా చేతిలోనే ఉంది, బురద కారుతూ.

అబద్ధం ఆడడానికి కలీంకి వీలుంది. పోలేరయ్యది వట్టి తెలివితక్కువతనం అనొచ్చు. డాక్టరు గారి ఆలోచన అనొచ్చు. ఆపడానికే పరుగెత్తానని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. పిల్ల తెరిచిన కళ్ళు అతని వైపే ఉన్నాయి.

"పోలేరన్నను ఈడ పెట్టింది నేనే" అన్నాడు. "టపాసులు కాల్చమన్నది నేనే. ఫోటోలో పక్షులు రావాలని. నువ్వుండే విమానం పైన, పక్షులు కింద. గాలి మారింది చూసుకోలా. ఆపుదామని వచ్చినా. ఆపలేకపోయినా."

సాహిరా తిడుతుందని కలీం ఎదురుచూశాడు. కొట్టినా బాగుండును. ఆమె నెమ్మదిగా కాలు వెనక్కి తీసుకుంది. అతని చెయ్యి ఖాళీ పలక మీద మిగిలింది. పైట కొంగు నీళ్ళలో ముంచి, ఆ పిల్ల మొహం మీది బురద తుడవసాగింది. కనురెప్పలు మూసింది. ఒకటి మళ్ళీ తెరుచుకుంటే, వేలితో అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"సాహిరా..."

బరువుకి పడవ బురదలో కూరుకుంది. పోలేరయ్య గడకర్ర మోపి బలం కొద్దీ నెట్టాడు. కదలలేదు. చెయ్యి విరిగిన మనిషి కేక పెట్టాడు. కెప్టెన్ గొంతులో గురక మొదలైంది. ఒడ్డున అంబులెన్స్ సైరన్ వినిపిస్తోంది, కానీ ఒడ్డు చాలా దూరం.

"మాట్లాడు సాహిరా. ఒక్క మాట."

"తొయ్యి" అంది సాహిరా, ఆ పిల్ల మొహం మీంచి చూపు తీయకుండా.

కలీం పడవ వెనక్కి పోయాడు. భుజం ఆనించి, బురదలో కాళ్ళు పాతుకుని, తోశాడు.